మేస్త్రీ తాతగారి ఇనప బండి

మా ఊరి మేస్త్రీ తాతగారు పోయారు. ఆదివారం పొద్దున్న చద్దన్నం తిని, చెక్క చెక్కే బాడిసకు కొత్త పిడి తొడుగుతూ కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయారట. మర్నాడు మా నాన్న పడవ అమలాపురం రేవులో ఆగింది. నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడి అరుగు కింద, తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు నాన్న. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. వాళ్లు ముగించేదాకా ఆగి, "మేస్త్రీగారు వెళ్లిపోయేరమ్మా. బాధేం పడలేదు," అన్నాడు. కాలువ వైపు చూసి, "పిడి సగం దూరింది," అన్నాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవారు కారు. రాజోలు వైపు రేవులన్నిటిలోనూ మేస్త్రీగారంటే ఆయనే. పడవలకు చెక్కలు మార్చేవారు, బండ్లూ నాగళ్లూ చేసేవారు, గుమ్మాలు కూర్చేవారు. మాది పడవల కుటుంబం. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది ఒక తాటాకు దడి. ఆ దడిలో పిల్లలు దూరేంత సందు ఉండేది. దాన్ని పూడ్చడం ఆయనకు ఒక్క పూట పని. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ పూడ్చలేదు.

మా ఇంట్లో నాకు ముందు చదువుకున్నవాళ్లు లేరు. రేవు దాటి దొరసానిగారి బడికి వెళ్లి, సాయంత్రం పలక పట్టుకుని వస్తుంటే ఒకరోజు దడి మీదుగా పిలిచారు.

"ఇదిగో బుల్లెమ్మా, ఆ పలక మీద మూరలు రాయగలవా?"

"మూరలు రావండి. అంకెలు వచ్చండి."

"అయితే అంకెలు రాయి. మూరలు నే చూసుకుంటాను."

అప్పటిదాకా ఆయన కొలతలన్నీ కొబ్బరి ఈనెల మీద గంట్లే. ఏ ఈనె ఏ బండిదో తెలియక ఒకసారి ఆయన కోడలు చీపురు కట్టేసింది. పాపం, ఆవిడ తప్పేం లేదు, చీపురు పుల్లల్లాగే ఉండేవి. ఆ రోజు నుంచి ఆయన కొలిచి చెప్పడం, నేను రాయడం. మా స్నేహం అలా మొదలైంది.

ఆయన చేసే చిన్న బండ్ల గురించి చెప్పాలి. ఊరంతా మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఆయన కొట్టంలో కూర్చుని పాతకాలపు బండ్లు చేసేవారు. మందుగుండు మోసినవి, ఫిరంగులు లాగినవి, దండుతో పాటు బియ్యం బస్తాలు తీసుకుపోయినవి. ఆయన తాత కుర్రతనంలో జమీందార్ల దండుల్లో బండ్ల పని చేశాడట. ఆ తాత చెప్పిన బండ్లే ఇవి. ఆయన లెక్క ఒకటే: పెద్ద బండిలో అడుగు, చిన్న బండిలో అంగుళం. ఇరుసు నుంచి శీల దాకా అన్నీ అదే లెక్క. తీర్థంలో అమ్మే బొమ్మల్లా ఉండేవి కావు. వాటికి రంగు పూస్తే బాగుంటుందని ఎవరైనా అంటే, "దండు బండికి రంగు వేసే తీరిక ఎవడికుందండీ?" అనేవారు.

బండి పూర్తయ్యాక తడి ఇసుక గుడ్డలో మూటకట్టి దాని మీద పెట్టేవారు. గడ్డం నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, చీమ చూసినట్టు కింద నుంచి చూసేవారు. బరువుకి ఇరుసు కిర్రుమంటే ఆయన మొహం వెలిగేది. "పెద్ద బండి ఏడిచేచోట చిన్నదీ ఏడవాలి. చిన్నది చెయ్యడమంటే తక్కువ చెయ్యడం కాదు బుల్లెమ్మా," అనేవారు. ఈ మాట ఇప్పుడు నేను మా బడిలో చిన్న తరగతి పిల్లలకు పాఠం చెప్పే ముందు రోజూ తలుచుకుంటాను.

అన్ని బండ్లలోకీ ఆయనకు ఇష్టమైనది అప్పటికింకా చెయ్యనిది. అది ఇనప బండి. ఏటి అవతల మట్టికోట ఒకటి ఉండేదట. దాన్ని పట్టుకోవడానికి వాళ్ల తాత ఒక బండి కట్టాడు. చుట్టూ మందపాటి చెక్కలు, చెక్కల మీద ఇనప రేకులు, లోపల తుపాకులతో ఆరుగురు. గోడ మీద నుంచి ఎన్ని గుళ్లు పేల్చినా లోపలివాళ్లకు తగలకుండా కోట గుమ్మం దాకా పోవాలని ఆలోచన. సగం దూరం పోయి బురదలో కూరుకుపోయింది. వదిలేసి వచ్చారు. "ఆ బండిని ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి చేసి కళ్లారా చూసుకోవాలి. కళ్లు పోయేలోపల," అనేవారు తాతగారు. కళ్లు అప్పటికే మసకబారుతున్నాయి. సూది మొన లాంటి ఉలిని వేలితో తడిమి గాని పట్టుకోలేకపోయేవారు.

నాకు పదమూడో ఏడు వచ్చిన సంవత్సరం దివాణం గుమాస్తాగారు పడవ మీద వచ్చారు. ఆ సంభాషణ దడి సందులోంచి మొత్తం విన్నాను.

"మేస్త్రీ, నీ బొమ్మ బండ్ల సంగతి అయ్యగారి చెవిన పడింది. మద్రాసులో దొరలు ఏదో ప్రదర్శన పెడతారట. మన తరఫున ఒక యుద్ధపు బండి పంపాలన్నారు."

"ఆయ్, చిత్తం. ఇనప బండి చేస్తానండీ."

"దానికి నాలుగు తెల్ల గుర్రాలుండాలి."

"ఈ లంకల్లో తెల్ల గుర్రం ఏం తిని బతికిందంటారండీ? కొబ్బరి పీచా?"

"సరే, ఎడ్లే పెట్టు. చక్రాల మీద సింహాల మొహాలైనా చెక్కు."

"మా తాత సింహాన్ని చూళ్లేదండీ. చూసుంటే బండీ గిండీ వదిలేసి ఇంటికొచ్చేసును."

గుమాస్తాగారి పడవవాడు కిసుక్కున నవ్వాడు. గుమాస్తాగారు మూడు నెలలు గడువు పెట్టి వెళ్లిపోయారు.

పొడుగు ఎంత, ఎత్తు ఎంత? వాళ్ల తాత చెప్పినదల్లా "రెండు బారల పొడుగు, నా గడ్డమంత ఎత్తు" అని. రెండు చేతులూ బారచాపితే మనిషి ఎత్తంతే వస్తుంది కాబట్టి, ఆయన బార ఎంతో తెలియాలంటే ఆయన ఎంత పొడుగో తెలియాలి. ఇంటి గుమ్మం ఆ తాత కట్టుకున్నదే. తల వంచకుండా వెళ్లేలా కట్టుకుని ఉంటాడని మేస్త్రీ తాతగారు గుమ్మాన్ని కొలిచారు. ఆ లెక్కన మనిషి ఆరడుగులు, బండి పన్నెండు అడుగులు. పలక మీద పన్నెండు అంగుళాలని రాశాను. తాత టేకు అన్నాడని టేకు చెక్క తెప్పించారు. మూడు నెలలు ముగియవస్తుండగా బండి తయారైంది. నున్నగా చిత్రిక పట్టిన టేకు పలకలు, గోరంత ఇనప రేకులు, ముందు రెండు ఎడ్లు. మా అమ్మ చూసి, దిష్టి తగులుతుందేమోనని చుట్టూ మిరపకాయలు తిప్పింది.

ఇంక పది రోజుల్లో గుమాస్తాగారు వస్తారనగా, మా నాన్న ఒక కబురు తెచ్చాడు. అవి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మా లంకల్లోకి తేవడానికి కాలువలు తవ్వుతున్న రోజులు. ఏటి అవతల తవ్వకంలో పాత పడవ ఒకటి బయటపడిందట.

"పడవకి ఇనప రేకులు కొట్టేరండి, మేస్త్రీగారూ. పడవకి రేకులెందుకో నా బుర్రకి తట్టలేదు," అన్నాడు నాన్న.

తాతగారి చేతిలో ఉలి ఆగిపోయింది. "మట్టికోట దిబ్బ దగ్గరేనా?"

"ఆయ్. దాని పక్కనే."

నాన్న పడవలో ముగ్గురం వెళ్లాం. తవ్వేవాళ్లు గట్టు మీద నిలబడి పడవ పడవ అంటున్నారు. నిజానికి పడవ లాగే ఉంది. చెక్కల సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, గుగ్గిలం పూసి ఉంది. నాన్న గోటితో గీరి వాసన చూసి, "ఇది మన గోదారి పడవ అడుగు చెక్కేనండి. ఇందులో అనుమానం లేదు," అన్నాడు. నేను పాత మేకుల కన్నాలు చూపించాను. వాటిని కొయ్య బిరడాలు కొట్టి పూడ్చారు. మా నాన్న పాత చెక్కను ఇంకో పడవకు వాడుకునేటప్పుడు చేసే పనే అది. కాని ఆ చెక్కల కింద ఒక లావాటి ఇరుసు ఉంది. ఇరుసు చివర, మట్టిలో సగం, చక్రం ఉంది.

తాతగారు గోతిలోకి దిగారు. చూడలేదు, తడిమారు. ముందు రేకు మీద చెయ్యి పెట్టి, తుపాకీ గొట్టం దూరే చీలికలు మూడింటినీ వేళ్లతో లెక్కపెట్టారు. అక్కడ ఎడ్లను కట్టే నొగ దూరే చోటే లేదు. రేకు అడ్డంగా మూసుకుపోయి ఉంది. వంగుని వంగుని వెనక్కి నడిచారు. రెండు నొగలు వెనక వైపు పొడుచుకు వచ్చి ఉన్నాయి.

"ఎడ్లు వెనకుండి నెట్టేయన్నమాట," అన్నారు మెల్లగా. "అవును మరి. ముందుంటే మొదటి గుండుకే పడిపోవూ!"

నన్ను కొలవమన్నారు. పదిన్నర అడుగులు వచ్చింది. మళ్లీ కొలవమన్నారు. మళ్లీ అంతే.

"అయితే మా తాత పొట్టివాడన్నమాట."

"మరి ఆ గుమ్మం, తాతగారండీ?"

చేతి బురద పంచెకు తుడుచుకున్నారు. "మా నాయనమ్మ పొడుగు," అన్నారు. ఆ గోతిలో, మోకాళ్ల దాకా బురదలో, ముగ్గురం పడీ పడీ నవ్వాం.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆయన పడవ అంచు చెక్కను వేళ్లతో తడుముతూనే ఉన్నారు. టేకు కాదు. దొరికిన పాత పడవ విరగ్గొట్టి అతుకులు పెట్టి కట్టిన బండి అది. గంటల తరబడి తాత చెప్పిన టేకు పలకల నునుపు ఎక్కడా లేదు. రేవు చేరేముందు నేను ఉండబట్టలేక అడిగాను: "మీ తాతగారు అబద్ధం చెప్పేరంటారా అండీ?"

"అబద్ధం కాదు బుల్లెమ్మా. ఇష్టంగా చెప్పేడు," అన్నారు.

ఇంటికి వెళ్లగానే గూట్లోంచి టేకు బండి దించారు. దాని రేకులు ఒక్కొక్కటే ఊడదీయడం మొదలుపెట్టారు. కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, మావయ్యగారూ! పది రోజుల్లో గుమాస్తాగారు వస్తారు. మద్రాసులో మీ తాతగారి బండి చూసినవాళ్లెవరున్నారండీ?"

"లేరమ్మా. అందుకే. చూసినవాళ్లుంటే వాళ్లే దిద్దుకుందురు. చూడనివాళ్లు మనం ఏం పంపితే అదే నమ్ముతారు."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. దీపం వెలిగించే వేళకు ఆవిడే ఒక పళ్లెంలో ఆ రేకుల మేకులు ఏరి పెట్టడం చూశాను.

ఆ పది రోజులూ నా బతుకులో చాలా మంచి రోజులు. మా నాన్న తన పాత పడవ నుంచి తీసిపెట్టిన చెక్క ఇచ్చాడు. దాన్ని రంపంతో పలచగా చీల్చి, అంగుళం లెక్కకు తెచ్చారు. మేకుల కన్నాలు కూడా లెక్క ప్రకారం ఉండాలన్నారు. సూది కాల్చి కన్నాలు పొడిచి, వాటిలో చీపురు పుల్ల ముక్కలు బిరడాలుగా దింపాం. సందుల్లో కుక్కడానికి పీచు మందంగా ఉందని, నాచేత ఒక్కొక్క పోగు విడదీయించారు. గుగ్గిలం వేలి కొనతో పూశారు. చూపు ఆనని చోట నా కళ్లు, చెయ్యి తిరగని చోట ఆయన వేళ్లు. మధ్య మధ్యలో, "ఇది మనం చూసేమా, అనుకున్నామా?" అని అడిగేవారు. చూసినదైతే పలక మీద కుడివైపు, అనుకున్నదైతే ఎడమవైపు రాయాలి. ఎడమవైపు ఉన్నవి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చారు. కొన్నిటి కోసం ఏటి అవతలికి మళ్లీ రెండుసార్లు వెళ్లాం. రెండోసారి వెళ్లేసరికి తవ్వేవాళ్లు సగం చెక్కలు పొయ్యిలోకి వాడేశారు.

చివరికి ఎడమవైపు ఒక్కటి మిగిలింది. బండి వెనక పలక. గోతిలో అది మొత్తం చివికిపోయి, ఆనవాలు కూడా లేదు. ఆరుగురు లోపలికి ఎలా ఎక్కారో, తలుపు ఉందో, తడక కట్టారో, ఊరికే తెరిచి ఉంచారో తెలియదు.

"చిన్న తలుపు పెట్టేద్దాం తాతగారండీ. బాగుంటుంది," అన్నాను.

"బాగుంటుంది. అదే భయం," అన్నారాయన. "తెలియందాన్ని అందంగా చెయ్యకూడదు బుల్లెమ్మా. అందంగా ఉంటే ఇంకెవరూ అడగరు."

వెనక తెరిచే వదిలేశారు.

గుమాస్తాగారు చెప్పిన రోజుకే వచ్చారు. అరుగు మీద రెండు బండ్లూ పెట్టి ఉన్నాయి. రేకులు తీసేసిన టేకు బండి మిలమిలలాడుతోంది. దాని పక్కన పడవ చెక్కల బండి, అతుకులతో, మసి రేకులతో.

"ఇదేంటయ్యా మేస్త్రీ? చేపల పడవ విరిచి బండి కట్టేవా?"

"అచ్చం అలాగే కట్టేరండీ అప్పుడు," అన్నారు తాతగారు సంతోషంగా. ఒక్క చూపుకే అంత సరిగ్గా కనిపెట్టినందుకు గుమాస్తాగారిని మెచ్చుకున్నట్టే అన్నారు.

"ఎడ్లు వెనకున్నాయేం? నీకు కళ్లు కనపడవన్నారు గానీ, మరీ ఇంతా?"

"గుళ్లు ముందు నుంచి వస్తాయి కదండీ."

"వెనక పలకేదీ? పని పూర్తి కాలేదా?"

"పనయిందండీ. తెలిసినంత మేరకి అయింది."

నేను రాసిన కాగితం ఇచ్చారు. ఏవి చూసినవో, ఏది తెలియదో అందులో ఉంది. గుమాస్తాగారు దాన్ని తిరగేసి, "ఎవరు రాసేరు?" అని అడిగారు. "మా పక్కింటి పడవ సరంగుగారి అమ్మాయండీ," అంటూ నా వైపు చెయ్యి చూపించారు తాతగారు. గుమాస్తాగారు నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. కాగితం మడిచి అరుగు మీద పెట్టేశారు. టేకు బండిని మాత్రం పట్టుగుడ్డలో చుట్టించుకున్నారు.

"రేకుల్లేకపోతే ఏం, ఇది బాగుంది. ఇదే పంపుతాను."

తాతగారు ఒక్క క్షణం తడబడ్డారు. మద్రాసులో తన చేతి పని, తన తాత బండి పేరు... ఆ ఆశ ఆయనకు లేదని నేను చెప్పలేను. మూడు నెలలుగా రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నారు.

"పంపండి. కాని యుద్ధపు బండని రాయించకండి," అన్నారు. "పెళ్లి ఊరేగింపు బండని రాయించండి. అప్పుడది అబద్ధం అవ్వదు."

గుమాస్తాగారికి కోపం వచ్చిందో, నవ్వొచ్చిందో తెలియదు. "ఆయ్, అలాగే," అని మాత్రం అన్నారు. పెళ్లి బండి మద్రాసు వెళ్లింది. దాన్ని చూసి దొరలేమన్నారో మాకు కబురు రాలేదు.

ఆ సాయంత్రం నేను ఏడుపు మొహంతో కూర్చుంటే, ఆయన ఇసుక మూట కట్టి ఇనప బండి మీద పెట్టారు. "మద్రాసు వెళ్లకపోతే పోయింది. మా తాత మాత్రం వెళ్లేడా?" అన్నారు. తర్వాత వాకిట్లో నీళ్లు పోసి బురద చేసి, బండిని వెనక నుంచి వేలితో నెట్టారు. రెండు జానలు పోయి ముందు చక్రాలు కూరుకుపోయాయి. మళ్లీ ఇంకోవైపు నుంచి నెట్టారు. మళ్లీ కూరుకుపోయింది. అప్పుడు ఆయన మొహం చూడాలి. "కూరుకుపోయింది! సరిగ్గా కట్టేం బుల్లెమ్మా!" అని కోడల్నీ, మా అమ్మనీ, దారిన పోయేవాళ్లనీ పిలిచి మరీ చూపించారు.

తర్వాత ఏళ్లలో చూపు పూర్తిగా తగ్గింది. అయినా అరుగు మీద కూర్చుని ఆ బండిని వేళ్లతో చూసుకునేవారు. నేను చదువు ముగించి బడిలో పనికి కుదిరానని చెప్పడానికి వెళ్లినప్పుడు, ముందు నా చెయ్యి పట్టుకుని మధ్యవేలు తడిమారు. కలం పట్టిన చోట కాయ కాసింది. "ఇది చూసినది. కుడివైపు రాసుకో," అన్నారు.

పెద్దకర్మ నాడు వెళ్లాను. భోజనాలయ్యాక కోడలు నన్ను కొట్టంలోకి తీసుకెళ్లింది. ఇనప బండి పాత పంచెలో చుట్టి ఉంది. దానితో పాటు ఒక చెక్క ముక్క. మా నాన్న పడవ చెక్కే. అరచేయంత ఉంది. చిత్రిక పట్టలేదు, కొలత గీత లేదు, చుట్టూ రంపపు గరుకు అలాగే ఉంది.

"నీ బడిలో పెట్టమన్నారమ్మా మావయ్యగారు," అంది ఆవిడ. "వెనకెలా ఉండేదో ఎప్పుడైనా, ఎవరికైనా తెలిస్తే ఈ చెక్కతో చేసుకోమన్నారు. వేరే చెక్క వాడితే రంగు కలవదట."

ఇప్పుడు ఆ బండి, దాని వెనకే ఆ చెక్క మా బడి కిటికీలో ఉన్నాయి. పిల్లలు మొదటి రోజే అడిగారు, వెనక ఏముండేది అమ్మగారూ అని. తెలియదన్నాను. ఒకమ్మాయి తలుపన్నది, ఒకమ్మాయి గోనె పరదా అన్నది, ఇంకొకమ్మాయి వెనక ఎడ్లుండగా మనుషులెలా ఎక్కుతారని ఇద్దరినీ నిలదీసింది. గంట కొట్టినా వాళ్ల వాదన తెగలేదు. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే ముందు రేకులోని మూడు చీలికల్లోంచి ఎండ లోపలికొచ్చి, తెరిచి ఉన్న వెనక వైపు నుంచి బయటికి పరుచుకుని, ఆ చిత్రిక పట్టని చెక్క మీద మూడు గీతలుగా పడి ఉంది.